34 ఏళ్లకి కొబ్బరి చెట్టెక్కడం నేర్చుకున్నా: ముందు దిగడం, తర్వాతే ఎక్కడం



పైన వీడియోలో చెట్టు మీద కనిపిస్తున్నది నేనే. కింద నుంచి ఫోన్‌లో తీసింది మా ఆవిడ. మధ్యమధ్యలో "చాలండీ, దిగండి" అని వినిపించేది కూడా ఆవిడ గొంతే. వీడియో 14 నిమిషాలే గానీ దాని వెనక ఐదు నెలలు ఉన్నాయి. ఆ ఐదు నెలల్లో నేను నేర్చుకున్నదీ, చేసిన ఒక పెద్ద తప్పూ వీడియోలో లేవు. అవి ఇక్కడ రాస్తున్నాను. ఇది పూర్తిగా చదవకుండా, వీడియో ఒక్కటే చూసి దయచేసి ఎవరూ చెట్టెక్కొద్దు.

ఎక్కాల్సిన అవసరం ఏమొచ్చింది?

మాది కోనసీమ. రెండెకరాల కొబ్బరి తోట, మధ్యలో కోకో, అరటి, కంద, కొన్ని చెట్లకి మిరియాల తీగ. తొమ్మిదేళ్ల నుంచి తోటలో రసాయనం వెయ్యలేదు. జీవామృతం, ఘనజీవామృతం, ఆచ్ఛాదన, అంతే. ఎండుకొబ్బరి గానుగాడించి నూనె అమ్ముతాం. అగ్రికల్చర్ డిప్లొమా చదివినవాణ్ణి కాబట్టి పురుగుల పేర్లు, శాస్త్రీయ నామాలతో సహా వచ్చు. కొమ్ము పురుగు మీద పరీక్షలో రెండు పేజీలు రాసిన రోజు ఇంకా గుర్తుంది. కానీ అప్పటికీ, ఆ తర్వాత పదిహేనేళ్లకీ, ఒక్క కొబ్బరి చెట్టు మొవ్వు కూడా నేను దగ్గరగా చూడలేదు. 60 అడుగుల కింద నిలబడి తలెత్తి చూడటమే నా తనిఖీ.

కాలవగట్టు మీద ఒక చెట్టుండేది. నేను పుట్టిన ఏడాది మా నాన్నగారు నాటిన మొక్క. పోయినేడాది కార్తీకంలో ఒకరోజు పొద్దున్న చూస్తే దాని మొవ్వు ఆకు పక్కకి వాలిపోయి ఉంది. కింద మట్టలన్నీ పచ్చగానే ఉన్నాయి, కాయలు కూడా ఉన్నాయి. బాబాయ్‌ని పిలిచాను. బాబాయ్ అంటే మా తోటలో ముప్పై ఏళ్లుగా దింపు చేస్తున్న పెద్దాయన. బంధుత్వం లేదు, చిన్నప్పటి నుంచి అలాగే పిలుస్తాను. ఆయన ఎక్కి, మొవ్వు చేత్తో పట్టుకుంటే ఊడి వచ్చేసింది. గుప్పెడు కుళ్లిన పీచు కిందకి తెచ్చి నా చేతిలో పెట్టారు. పులిసిన కల్లు వాసన. పీచు చుట్టలు విప్పితే లోపల ఎర్రముక్కు పురుగు గూళ్లు.

ఇది ఒక్కరోజులో జరిగేది కాదని మనందరికీ తెలుసు. ముందు కొమ్ము పురుగు మొవ్వులోకి తొలుస్తుంది. ఆ గాయంలో ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు లోపల లోపలే తినేసి, మనకి కనపడేసరికి పని అయిపోతుంది. కొబ్బరికి ఉన్నది ఒకటే మొవ్వు. అది పోతే పక్క నుంచి కొమ్మ రాదు, చెట్టు పోయినట్టే.

"బాబాయ్, మొన్న దింపులో ఎక్కావు కదా, బొక్క కనపడలేదా?" అని అడిగాను. కొంచెం కోపంగానే అడిగాను.

ఆయన కత్తి తుడుచుకుంటూ చెప్పారు: "కనపడిందండి. ఆయ్. కానీ తమరు చెట్టుకింత అని ఇస్తారండి. కాయ కోసి దిగితే చెట్టు లెక్కలోకి వస్తది. మొవ్వు చూస్తా కూచుంటే ఎవరు లెక్కేస్తారండి? పూటకి ముప్పై చెట్లు దిగితేనే మాకు గిట్టేది."

నా దగ్గర సమాధానం లేదు.

మా ఊళ్లో ఒకప్పుడు పన్నెండుమంది దింపు కార్మికులుండేవారు. ఇప్పుడు నలుగురు. అందరూ యాభై దాటినవాళ్లే. బాబాయ్ కొడుకు కువైట్‌లో డ్రైవరు. "వాడు చెట్టెక్కడు, ఎక్కనివ్వను" అని ఆయనే అంటారు. మందు కొట్టే రైతు వేరుమందు పెట్టో, ఇంకోటి చేసో గడిపేస్తాడు. మనకి ఆ దారి లేదు. ప్రకృతి వ్యవసాయంలో కొబ్బరికి చేసే సగం వైద్యం తలలోనే జరగాలి: పురుగుని కొక్కెంతో లాగడం, మట్ట మొదళ్లలో వేపపిండి పెట్టడం, చెత్త తియ్యడం. ఇది నేనే నేర్చుకోవాలి అనుకున్నాను. అప్పటికి నా వయసు 34, బరువు 82 కిలోలు. నిచ్చెన మీద ఏడో మెట్టు దాటితే కళ్లు తిరిగేవి.

ఇంట్లో ఏమన్నారు, ఊళ్లో ఏమన్నారు

అమ్మ మొదట నవ్వింది. నేను నిజంగానే అంటున్నానని తెలిశాక, "ఒరేయ్, నీకిద్దరు పిల్లలున్నార్రా" అంది. మా ఆవిడ రెండ్రోజులు ఏమీ అనలేదు. తర్వాత "బెల్టు లేకుండా ఎక్కితే మాత్రం నేను ఊరుకోను" అంది. ఊళ్లో మాత్రం ఎగతాళి. "దింపు కూలి మిగుల్చుకుందామనా?" అన్నారు కొందరు. "మనం చెట్లెక్కడం ఏంటండీ?" అన్నారు ఇంకొందరు. ఈ రెండో మాట దగ్గర నిజం ఒప్పుకోవాలి. ఆ ఆలోచన ఎక్కడో నాలోనూ ఉండేది. చెట్టు మనది, కాయ మనది, ఎక్కడం మాత్రం ఎవరో చెయ్యాల్సిన పని అన్నట్టు పెరిగాం. మట్టిలో చెయ్యి పెట్టడానికి సిగ్గుపడం గానీ చెట్టెక్కడానికి నామోషీ.

బాబాయ్ పెట్టిన మూడు షరతులు

దింపువాళ్లు కాళ్లకి బందం వేసుకుని, చేతులతో బోదె పట్టుకుని ఎక్కుతారు. నేను కూడా అలాగే నేర్చుకుంటానన్నాను. బాబాయ్ నా పొట్ట వైపు చూసి, "అది పదేళ్ల వయసులో నేర్చుకునేదండి. మీకు మిషనే" అన్నారు. అలాంటి మిషను ఒకటి కొని ఏడాదిగా కొట్టంలో పడేసి ఉంచాను.

షరతులు ఇవి. ఒకటి, ఆయన లేకుండా ఎక్కకూడదు. రెండు, చెట్టు తడిగా ఉంటే ముట్టుకోకూడదు. మూడు, ఆయన ఇంక చాలు అంటే ఎంత ఎత్తులో ఉన్నా దిగిపోవాలి. మూడింటికీ ఒప్పుకున్నాను. ఈ మూడింట్లో రెండు నేనే తప్పాను. అది తర్వాత చెప్తాను.

మిషను ఎలా పనిచేస్తుంది

మన దగ్గర ఎక్కువగా దొరికేది నిలబడి ఎక్కే రకం. దీన్ని చెంబేరి మోడల్ అంటారు. కేరళలో కన్నూరు జిల్లా చెంబేరికి చెందిన ఎం.జె.జోసెఫ్ అనే రైతు తయారుచేశారు. కూర్చుని ఎక్కే రకాలు కూడా ఉన్నాయి. నేను వాడేది నిలబడే రకం.

ఇందులో రెండు ఇనుప ఫ్రేములుంటాయి, ఒకటి కుడి కాలికి, ఒకటి ఎడమ కాలికి. ఒక్కోదానికీ బోదె చుట్టూ తిప్పి తగిలించే వైరు తాడు ఉంటుంది. పెడలు మీద బరువు పడితే ఆ తాడు బోదెని బిగించి పట్టుకుంటుంది. బరువు తీసేసి చేత్తో హ్యాండిల్ ఎత్తితే వదులై పైకి జరుగుతుంది. అంటే మన బరువే మనల్ని పట్టుకునేది. ఇది అర్థమైతే సగం భయం పోతుంది. (వీడియోలో 2వ నిమిషం దగ్గర దగ్గరగా చూపించాను.)

ఒక తాడు పైన, ఒకటి కింద ఉంటాయి. ఒకదాన్ని ఒకటి దాటలేవు. కాబట్టి ఎక్కేటప్పుడు పైది ముందు జరపాలి, తర్వాత కిందది. దిగేటప్పుడు కిందది ముందు, తర్వాత పైది. చదువుతుంటే చిన్న విషయంలా ఉంది కదా? 40 అడుగుల ఎత్తులో కాళ్లు వణుకుతున్నప్పుడు ఏది ముందో గుర్తుండదు. అందుకే అది తలకి కాదు, కాళ్లకి నేర్పాలి.

ఇంకో విషయం. కింద బోదె లావు, పైన సన్నం. కింద సరిగ్గా సరిపోయేలా తాడు పెడితే, పైకి వెళ్లేసరికి పెడలు కిందకి వాలిపోయి కాలు జారుతుంది. అందుకని నేల మీద ఉన్నప్పుడే పెడలు ముందు భాగం కొంచెం పైకి లేచి ఉండేలా తాడు బిగించుకోవాలి.

మొదటి మూడు వారాలు: ఐదడుగుల చెట్టు చదువు

సంక్రాంతి వెళ్లాక, పొడి రోజులు చూసి మొదలుపెట్టాం. మొదటి రోజు బాబాయ్ నన్ను ఐదడుగులు దాటనివ్వలేదు. ఐదడుగులు ఎక్కు, దిగు. మళ్లీ ఎక్కు, దిగు. ఇరవైసార్లు. నాకు చిరాకొచ్చింది. "బాబాయ్, ఇంకొంచెం పైకి పోనా?" అంటే ఆయన ఒక మాట అన్నారు: "మా పనిని ఎక్కుడు అంటారా, దింపు అంటారా? ఎక్కడం కోతికి కూడా వచ్చండి. దిగడం నేర్చుకోండి ముందు."

ఆయన లెక్క ఇదీ: ఎంత ఎత్తు నుంచి వణక్కుండా దిగగలవో అంత ఎత్తే ఎక్కాలి. ఐదు, తర్వాత ఎనిమిది, తర్వాత పన్నెండు. రోజూ పొద్దున్న గంట. రెండో వారంలో ఇరవై అడుగులు.

పెద్దవయసులో నేర్చుకునేవాడికి వచ్చే ఇబ్బందులు వేరు. నా అనుభవంలో మూడు.

మొదటిది, చేతులు. భయంతో హ్యాండిల్‌ని అంత గట్టిగా పట్టుకునేవాణ్ణి, పది నిమిషాలకే ముంజేతులు పట్టేసేవి. "చెట్టుని పిసక్కండి అబ్బాయిగారూ, అదేం పారిపోదు. బరువు కాళ్ల మీద పెట్టండి" అనేవారు బాబాయ్. చెయ్యి వదులు చెయ్యడానికే వారం పట్టింది.

రెండోది, ఊపిరి. తెలీకుండానే ఊపిరి బిగబట్టేవాణ్ణి. మా ఆవిడ కనిపెట్టింది ఇది. కింద నుంచి "ఏవండీ, ఏదో ఒకటి మాట్లాడండి" అనేది. మాట్లాడితే ఊపిరి ఆడుతుంది. అప్పటి నుంచి అడుగులు పైకి లెక్కపెట్టుకుంటూ ఎక్కుతాను.

మూడోది, ఊహ. పిల్లలకి పడితే ఏమవుతుందో తెలీదు, మనకి బాగా తెలుసు. ఇరవై అడుగుల దగ్గర అప్పులు, పిల్లల ఫీజులు, అమ్మ ముఖం అన్నీ కనపడతాయి. ఈ భయం నాకు ఇప్పటికీ పోలేదు. దానికి తోడు బెల్టు పెట్టుకున్నాను. నడుముకీ తొడలకీ కలిపి వచ్చే సేఫ్టీ బెల్టు, బోదె చుట్టూ విడిగా ఇంకో తాడు. మిషను జారినా ఆ తాడు ఆపుతుంది. రెండు అడుగులు ఎక్కినప్పుడల్లా తాడు పైకి విసరాలి. ఆలస్యమే, అయినా అది లేకుండా నేను ఒక్క అడుగు కూడా ఎక్కను.

మూడో వారం చివర, ఫిబ్రవరిలో ఒక శనివారం, మొదటిసారి తలలోకి వెళ్లాను.

పైన ఏం కనపడింది

బోదె మీద నుంచి మట్టల్లోకి మారే ఆ మూడడుగులే మొత్తం పనిలో కష్టమైనది. కిందవి ఎండిన మట్టలు, పట్టుకుంటే ఊడి చేతికొస్తాయి. పచ్చి మట్టని మొదట్లో, బోదెకి దగ్గరగా పట్టుకోవాలి. రెండు చేతులూ ఒకే మట్ట మీద పెట్టకూడదు. బెల్టు తాడు బోదె చుట్టూ ఉన్నాకే చెయ్యి మార్చాలి. బాబాయ్ పక్క చెట్టెక్కి, అక్కడి నుంచి ఒక్కో మట్ట చూపించి చెప్పారు. ఏడు నిమిషాలు పట్టింది.

పైకెళ్లాక ఒక నిమిషం ఏమీ చెయ్యలేదు. చెట్టు ఊగుతోంది. కింద నుంచి చూస్తే నిలకడగా ఉన్నట్టుంటుంది గానీ గోదావరి గాలికి పైన ఉయ్యాలే. మా పెంకుటిల్లు, కాలవ, ఆవల వరిచేలు అన్నీ అరచేతిలో పట్టేలా ఉన్నాయి. ముప్పై నాలుగేళ్లుగా ఈ తోటలోనే ఉన్నాను, దీన్ని పైనుంచి చూడటం మాత్రం అదే మొదటిసారి.

తర్వాత మొవ్వు చూశాను. రెండో మట్ట మొదట్లో బొటనవేలు పట్టేంత బొక్క. అందులోంచి నమిలిన పీచు తడిపొట్టులా బయటికొస్తోంది. చువ్వతో చేసిన కొక్కెం పెట్టి లాగితే నల్లగా నిగనిగలాడుతూ కొమ్ము పురుగు. పరీక్షలో బొమ్మ గీసిన పురుగే, బతికున్నదాన్ని దాని ఇంట్లో చూడటం అదే మొదలు. ఈ చెట్టు నేను కింద నుంచి "బాగుంది" అని రాసుకున్న చెట్టు.

ఆ సీజన్‌లో ఇరవై చెట్లు ఎక్కాను. తొమ్మిదింట్లో కొమ్ము పురుగు బొక్కలున్నాయి. అందులో కింద నుంచి కనిపెట్టగలిగినవి మూడే, విచ్చుకున్న ఆకు కత్తెరతో కత్తిరించినట్టు ఉంటే గుర్తుపట్టాను. ఎందుకంటే పురుగు తొలిచేది విచ్చుకోని ఆకుని. అది బయటికి వచ్చి విచ్చుకుని మనకి కనపడేసరికి నష్టం జరిగి చాలా రోజులవుతుంది.

తలలో నేను చేసే పనులు, వరసగా (వీడియోలో 8వ నిమిషం నుంచి):

1. ఎండిన మట్టలు, పాత గెల కాడలు, పోగుపడిన పీచు, చెత్త తీసేయడం. పురుగు దాక్కునేది అందులోనే.
2. మొవ్వు చుట్టూ ఉన్న మట్ట మొదళ్లలో బొక్కలు వెతకడం. ఉంటే కొక్కెంతో పురుగు లాగడం.
3. వేపపిండి 250 గ్రాములు, ఇసుక అంతే కలిపి, మొవ్వుకి దగ్గరున్న మూడు మట్టల మొదళ్లలో పొయ్యడం. ఏడాదికి మూడుసార్లు.
4. పచ్చి మట్ట ఊరికే నరక్కపోవడం. గెల ఆ మట్ట మీదే ఆనుకుని ఉంటుంది, మట్ట పోతే కాడ విరిగి గెల జారుతుంది. తప్పనిసరై నరికితే నాలుగడుగుల మొదలు వదిలి నరకడం. బోదెకి దగ్గరగా నరికితే ఆ గాయం ఎర్రముక్కు పురుగుకి దారి.

ఇంకో మాట. ఎక్కడానికి వీలుగా ఉంటుందని కొందరు బోదె మీద కత్తితో మెట్లు కొడతారు. దయచేసి కొట్టొద్దు. మామిడి, వేప గాయపడితే బెరడు మళ్లీ కప్పుకుంటుంది. కొబ్బరికి ఆ గుణం లేదు. ఈరోజు పెట్టిన గాటు చెట్టు బతికున్నంతకాలం అలాగే ఉంటుంది.

పైకి ఎక్కితే కింద తప్పు కూడా తెలిసింది. ఇన్ని పురుగులు ఎక్కడివి అని వెతికితే మా పెంటగుంటలోనే దొరికాయి. కొమ్ము పురుగు పిల్లలు పెరిగేది పెంటపోగుల్లో, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో. ఘనజీవామృతం కోసమని నేను పోగేసిన పేడకుప్పే దానికి పురిటిల్లు అయింది. ఇప్పుడు కుప్ప తిరగేస్తూ ఉంటాం, తెల్లటి పిల్లపురుగుల్ని కోళ్లు తింటాయి, మెటారైజియం శిలీంధ్రం కూడా కలుపుతున్నాం. పడిపోయిన మొద్దులు తోటలో ఉంచడం లేదు.

జూన్‌లో జరిగింది

ఈ భాగం రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాయకపోతే వీడియో అబద్ధం అవుతుంది.

మే నెలాఖరుకి నాకు ధీమా వచ్చేసింది. జూన్ మొదట్లో ఒక పార్టీ నూనె కోసం తొందరపెడుతున్నారు, కాయ తక్కువైంది. బాబాయ్ పెళ్లికని పక్క ఊరెళ్లారు. రాత్రి చిన్న జల్లు పడింది. పొద్దున్న ఎనిమిదింటికి ఎండొచ్చింది, బోదె ఆరినట్టే ఉంది. ఎండ తగిలే వైపు మాత్రమే ఆరిందని నాకు తట్టలేదు. వెనక వైపు నాచు తడిగానే ఉంది. వైరు తాడు ఆనేది అక్కడే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ముప్పై అడుగుల దగ్గర కుడి పెడలు మీద బరువు వేస్తే పట్టుకోలేదు, జారింది. కుడికాలు అడుగున్నర కిందకి పోయింది, చెయ్యి హ్యాండిల్ వదిలేసింది. బెల్టు తాడు పట్టుకుంది. బోదెకి ఛాతీ గీసుకుపోతూ ఆగాను. ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు. కేకెయ్యాలన్నా గొంతు రాలేదు. తర్వాత ఎడమ పెడలు మీద నిలబడ్డాను. కిందది ముందు, పైది తర్వాత. ఐదడుగుల దగ్గర ఇరవైసార్లు చేసిందే కాళ్లు వాటంతటవే చేశాయి. దిగాక నేల మీద కూర్చుని మిషను విప్పలేకపోయాను, చేతులు అంతలా వణికాయి.

సాయంత్రం బాబాయ్ వచ్చారు. చొక్కా మీద నెత్తురు చూశారు, చెట్టు చూశారు. తిట్టలేదు. మిషను విప్పి కొట్టంలో పెట్టి వెళ్లిపోయారు. రెండ్రోజులు మా ఇంటివైపు రాలేదు.

మూడో రోజు నేనే వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద కూర్చున్నాం. చాలాసేపటికి చెప్పారు. ఆయన తమ్ముడు కూడా దింపు కార్మికుడే. ఇరవై ఏళ్ల కిందట శ్రావణమాసంలో, ముసురులో, ఒక తోటలో దింపు. "తడిగా ఉందండి, రేపెక్కుతాం" అంటే రైతు "లారీ వచ్చేసింది, ఈ పది చెట్లూ కానిచ్చెయ్" అన్నాడట. ఎనిమిదో చెట్టు మీద నుంచి జారాడు. నడుం విరిగింది. నాలుగేళ్లు మంచం మీద ఉండి పోయాడు. బీమా లేదు. ఆ రైతు మొదట్లో కొంత ఇచ్చాడు, తర్వాత కనపడటం మానేశాడు.

"మీకు బెల్టుందండి, కింద ఇల్లుంది. పడ్డా ఆస్పత్రికి కారుంది. మావోడికి ఏం ఉందండి?" అన్నారు. తర్వాత, "మిమ్మల్ని తొందరపెట్టింది మీ పార్టీయే. మావోణ్ణి తొందరపెట్టింది ఆ రైతు. పడేది మాత్రం ఎక్కినోడేనండి" అన్నారు.

అప్పుడు నాకు ఒక విషయం గుర్తొచ్చింది. పోయిన వానాకాలంలో "చిన్న తుంపరే కదా బాబాయ్, కానిచ్చేద్దాం" అని నేనూ అన్నాను. ఒకసారి కాదు. నేల మీద నిలబడి, గొడుగు పట్టుకుని అన్నాను. ఆయన ఎక్కారు కూడా.

మా తోటలో ఇప్పుడు పద్ధతి

అప్పటి నుంచి ఇవి మార్చాం.

బోదె తడిగా ఉంటే దింపు లేదు. ఎవరి లారీ వచ్చినా అంతే. ఎక్కాలా వద్దా అని చెప్పేది ఎక్కేవాళ్లే, నేను కాదు.

దింపు కూలి వేరు, తల శుభ్రం చేసే కూలి వేరు. శుభ్రం చేసిన చెట్టుకి దింపు కూలిలో సగం అదనంగా ఇస్తున్నాను. ఇప్పుడు బాబాయ్ ఒక్కో చెట్టు మీద ఎంతసేపున్నా నాకు తొందర లేదు, ఆయనకీ నష్టం లేదు. పురుగు బొక్క కనపడితే పైనుంచే కేకేసి చెప్తారు.

బెల్టు మేమే కొన్నాం. బాబాయ్ మొదట్లో "అడ్డమండి" అన్నారు. నేను రెండు నెలలు వాడటం చూశాక ఇప్పుడు వాడుతున్నారు. తెలంగాణలో 2024 జులైలో గీత కార్మికులకి ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో ఇలాంటి సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మన కొబ్బరి తోటల్లో ఎవరో ఇచ్చేదాకా ఆగక్కర్లేదు. మీ తోటలో ఎక్కే మనిషికి మీరే ఒక బెల్టు కొనివ్వండి.

బీమా. కొబ్బరి అభివృద్ధి బోర్డుకి చెట్టెక్కే కార్మికుల కోసం కేర సురక్ష అనే ప్రమాద బీమా పథకం ఉంది. బోర్డు రాష్ట్ర కేంద్రం విజయవాడలో ఉంది. ఈ ఏడాది ప్రీమియం ఎంత, ఏ కాగితాలు కావాలి అనేది వాళ్లనే అడగండి. మా నలుగురు దింపువాళ్ల పేర్ల మీద ప్రీమియం మేం ముగ్గురు రైతులం పంచుకుని కట్టాలని నిర్ణయించుకున్నాం.

నేర్చుకుందామనుకునే వాళ్లకి

ఒంటరిగా, వీడియో చూసి నేర్చుకోవద్దు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో కేరళలో కొబ్బరి చెట్టు నేస్తాలు అనే అర్థం వచ్చే పేరుతో ఆరు రోజుల శిక్షణ మొదలుపెట్టింది, మిషనుతో ఎక్కడం, తల శుభ్రం, పురుగుల గుర్తింపు అన్నీ అందులో ఉంటాయి. మీ దగ్గర అలాంటి శిక్షణ ఎప్పుడుందో కృషి విజ్ఞాన కేంద్రంలో కనుక్కోండి. అది దొరక్కపోతే మీ ఊళ్లో దింపు చేసే పెద్దాయన్ని అడగండి. గురువుకి ఇచ్చినట్టు రోజుకింత అని ఇచ్చి నేర్చుకోండి. నేనలాగే ఇచ్చాను, ఆయన మొదట వద్దన్నా.

బీపీ, కళ్లు తిరగడం, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు వద్దు. మందు తాగిన మర్నాడు వద్దు. కింద ఒక మనిషి, చేతిలో ఫోన్ తప్పనిసరి. ఎక్కే ముందు తలలో కందిరీగల తుట్టె ఉందేమో పొగపెట్టో, గెడతో కదిపో చూడాలి. మిషను వైరు తాడులో ఒక్క పోగు తెగినా మార్చాలి.

నేనిప్పుడు పూటకి నాలుగు చెట్లు ఎక్కుతాను, అది కూడా తల శుభ్రం కోసమే. బాబాయ్ అరవై దాటిన వయసులో ముప్పై ఎక్కుతారు. ఆ పని నేను చెయ్యలేను, చెయ్యాలనీ లేదు. దింపు ఆయనదే. కానీ ఇప్పుడు ఆయన పైనుంచి "మొవ్వు బాగుందండి" అంటే, అది ఎంత దూరం నుంచి వస్తున్న మాటో నాకు తెలుసు.

కాలవగట్టు మీద పోయిన చెట్టు చోట కొత్త మొక్క పెట్టాం. పిల్లలిద్దరూ నీళ్లు పోస్తున్నారు. మా పెద్దాడు ఇది ఎప్పుడు ఎక్కొచ్చు అని అడిగాడు. బాబాయ్ వాడి భుజం మీద చెయ్యేసి, "ముందు దిగడం నేర్పుతానుండు" అన్నారు.

మీ తోటల్లో దింపు ఎవరు చేస్తున్నారు, తల శుభ్రానికి విడిగా కూలి ఇచ్చే పద్ధతి మీ దగ్గర ఉందా, వానాకాలంలో ఎలా చేస్తున్నారు, కింద రాయండి. మీకు తెలిసిన మంచి పద్ధతి ఉంటే వచ్చే వీడియోలో అందరికీ చూపిద్దాం. అన్నిటికంటే ముందు, రేపు దింపుకి వచ్చే మనిషిని ఒక్క మాట అడగండి: "బోదె ఆరిందా, ఎక్కొచ్చా?" ఆయన వద్దంటే ఆపేయండి.